వైన్ షాపు సంవత్సరం: ఏ నెలలో ఏ కేసు దింపాలి

లాటరీలో షాపు తగిలిన రోజే చాలామంది రోజుకు ఎంత అమ్ముతామని లెక్కలు వేస్తారు. ముందు వేయాల్సింది రోజుకు ఎంత అమ్మకపోతే మునుగుతామన్న లెక్క. 2024 అక్టోబరు 16న ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు షాపులు మళ్ళీ తెరుచుకున్నప్పుడు ఏడాది లైసెన్సు ఫీజును జనాభాను బట్టి పెట్టారు. పది వేల లోపు ఊరికి 50 లక్షలు, యాభై వేల దాకా 55 లక్షలు, ఐదు లక్షల దాకా 65 లక్షలు, అది దాటితే 85 లక్షలు. 2011 జనాభా లెక్కల్లో కర్నూలు, కడప, అనంతపురం మూడూ ఐదు లక్షల లోపే. కాబట్టి 65 లక్షలు పట్టుకుని లెక్కేద్దాం.

రోజుకు ఫీజు భారం సుమారు 17,800. బెవరేజెస్ కార్పొరేషన్ డిపోలో మనం కొనే ధర మీద వందకు 14 రూపాయలు మిగులుతుందనుకుంటే, 114 రూపాయలు అమ్మితే 14 మనవి. అంటే ఫీజు గిట్టడానికే రోజుకు లక్షా నలభై ఐదు వేల అమ్మకం కావాలి. షాపు అద్దె నలభై వేలు, నలుగురు మనుషులకు అరవై వేలు, కరెంటు ఇరవై వేలు, హమాలీ, ఆటో, పగుళ్ళు అన్నీ కలిపి ముప్పై వేలు అనుకుంటే నెలకు లక్షన్నర. దానికోసం రోజుకు ఇంకో నలభై వేలు అమ్మాలి. సరుకులో ఇరుక్కున్న ముప్పై లక్షలకు నూటికి రూపాయిన్నర వడ్డీ వేస్తే మరో పన్నెండు వేల అమ్మకం. మొత్తం దాదాపు రెండు లక్షలు. ఆ గీత దాటాక వచ్చేదే లాభం. మీ అద్దె, మీ జీతాలు, మీ మార్జిన్ వేరేగా ఉంటాయి కనుక అంకెలు మార్చి ఒక అట్ట మీద రాసి క్యాష్ పెట్టె లోపల అంటించండి. ఫీజు మారిన రోజు అట్ట కూడా మార్చండి.

ఈ లెక్కలో మన చేతిలో ఉన్నది వడ్డీ ఒక్కటే. అద్దె తగ్గదు, ఫీజు తగ్గదు, ఎమ్మార్పీ మీద పైసా పెంచడానికి లేదు. సరైన కేసును సరైన వారంలో దింపుకుని, కదలని కేసును అసలు దింపకుండా ఉండడమే ఈ వ్యాపారంలో తెలివి.

ఇండెంట్

కేసు లెక్క అందరికీ తెలిసిందే. క్వార్టర్లు 48, హాఫ్‌లు 24, ఫుల్లు 12, పెద్ద బీరు 12. ఇండెంట్, అంటే డిపోకు ఇచ్చే ఆర్డరు, పెట్టేటప్పుడు మాత్రం కళ్ళతో చూసి "అది అయిపోయినట్టుంది, నాలుగు కేసులు వేయి" అనేవాళ్ళే ఎక్కువ. ఒక్కో బ్రాండు, ఒక్కో సైజుకు రోజువారీ సగటు తీయండి. వచ్చే లోడుకు ఎన్ని రోజులుందో దానికి రెండు రోజులు కలిపి, సగటుతో గుణించి, చేతిలో ఉన్న సరుకు తీసేయండి. రోజుకు 60 క్వార్టర్లు పోయే బ్రాండు, లోడు మూడు రోజులకోసారి, చేతిలో 110 ఉన్నాయి. ఐదు రోజులకు 300, అందులో 110 పోతే 190. నాలుగు కేసులు. ఇంతే. సగటును గత పద్నాలుగు రోజుల నుంచి తీయాలి. ఒక్క వారం నుంచి తీస్తే అది జీతాల వారమో, జీతాలు లేని వారమో అయి సగటు తప్పు చెబుతుంది.

నెలకు మూడు సీసాలు పోయే ఖరీదైన ఫుల్లు ఒక కేసు దింపితే నాలుగు నెలల డబ్బు అల్మారాలో కూర్చుంటుంది. "ఎవరైనా పెద్ద మనిషి అడిగితే లేదంటే బాగుండదు" అనే మొహమాటం దీనికి మూలం. అలాంటి బ్రాండ్లు రెండో మూడో ఉంచి మిగతావి వదిలేయండి. పక్క షాపు నుంచి అరువు తెచ్చుకోవడం కిరాణా కొట్లో చెల్లుతుంది, ఇక్కడ చెల్లదు. బెవరేజెస్ కార్పొరేషన్ డిపో నుంచి మీ లైసెన్సు పేరున ఇన్వాయిస్, ట్రాన్స్‌పోర్టు పర్మిట్‌తో వచ్చిన సీసా తప్ప ఇంకేదీ మీ అల్మారాలో ఉండకూడదు. బయటి సీసా ఒక్కటి దొరికినా ఎక్సైజ్ కేసే.

డబ్బు కట్టే రోజు కూడా చూసుకోవాలి. బ్యాంకుకు వరుస సెలవులు వచ్చే పండగ వారంలో శుక్రవారం కట్టాల్సింది సోమవారానికి పోతే డిపోలో మీ ఇండెంట్ వెనక్కి పోతుంది, ఆలోగా కదిలే బ్రాండ్లు ఖాళీ అవుతాయి. పండగ లోడుకు నాలుగు పని దినాల ముందే డబ్బు జమ కావాలి. డిపోలో పట్టుకున్న టీసీఎస్ (అమ్మేటప్పుడే వసూలు చేసే ఆదాయపు పన్ను) మీ పాన్ మీద పడిందో లేదో మూడు నెలలకోసారి ఆడిటర్‌తో చూపించుకోండి.

లోడు దిగేటప్పుడు

లారీ వచ్చాక మొదటి పని కేసులు ఎత్తడం కాదు, కాగితం చదవడం. ఇన్వాయిస్‌లో బ్రాండు, సైజు, కేసుల సంఖ్య, బ్యాచ్ నంబరు ఒకరు చదవాలి, ఇంకొకరు కేసు మీద చూసి టిక్ పెట్టాలి. ఇద్దరూ దించే పనిలో పడితే ఆ రోజు తేడా కచ్చితంగా వస్తుంది. కేసును చెవి దగ్గర కాస్త కదిపితే గాజు ముక్కల చప్పుడు తెలుస్తుంది. అట్ట అడుగున తడి ఉంటే పక్కన పెట్టి డ్రైవరు ఎదుటే విప్పి ఫొటో తీయండి. లారీ కదిలాక చెబితే ఎవరూ వినరు.

పగులు ఎంత ఖరీదో సిబ్బందికి అర్థమయ్యేలా చెప్పాలి. 99 రూపాయల క్వార్టర్‌నే తీసుకోండి. దాని మీద కూడా పైన అనుకున్న మార్జినే ఉంటే డిపో ధర సుమారు 87, మిగిలేది 12. ఒక్కటి పగిలితే ఇంకో ఏడు సీసాలు అమ్మిన లాభం కడిగేసుకున్నట్టే. క్వార్టర్ల కేసులు ఆరు వరసలకు మించి పేర్చొద్దు. నేల మీద నేరుగా కాకుండా చెక్క పలకల మీద పెట్టండి. వానాకాలం అట్ట తడిసి మెత్తబడితే అడుగు చీలి 48 సీసాలూ ఒక్కసారి కాళ్ళ మీద పడతాయి. అందుకే కేసును పక్కల పట్టుకుని లేపొద్దు, కింద చెయ్యి వేసి లేపాలి.

ములకలచెరువులో నకిలీ మద్యం తయారీ బయటపడ్డాక, 2025 అక్టోబరు నుంచి కొనేవాళ్ళు కూడా సీసా మీది కోడ్‌ను ఎక్సైజ్ సురక్ష యాప్‌లో స్కాన్ చేసి చూస్తున్నారు. దీన్ని అవమానంగా తీసుకునే కౌంటర్ కుర్రాళ్ళున్నారు. ఫోను చాచినవాడికి సీసా తిప్పి లేబుల్ చూపించమని నేర్పండి. లోడు దిగిన రోజే ప్రతి బ్రాండు నుంచి రెండు సీసాలు మీరే స్కాన్ చేయండి. లేబుల్ చిరిగినది, మూత సీలు కదిలినది, నింపిన మట్టం తేడాగా ఉన్నది అల్మారాలోకి పోకూడదు.

కౌంటర్

పొద్దున పదికి తెరిచి రాత్రి పదికి మూసే షాపులో అమ్మకమంతా సాయంత్రం ఆరు నుంచి పది మధ్యనే కుప్ప పడుతుంది. ఆ నాలుగు గంటలకు కౌంటర్ ముందే సిద్ధం కావాలి. బాగా పోయే ఎనిమిది పది బ్రాండ్ల క్వార్టర్లు చెయ్యి చాస్తే అందేచోట, నడుము ఎత్తున ఉండాలి. లేబుళ్ళు ఒకేలా ఉండే రెండు బ్రాండ్లను పక్కపక్కన పెట్టొద్దు. సాయంత్రం లెక్క తేడాల్లో ఎక్కువ దీనివల్లే, దొంగతనం వల్ల కాదు.

99 రూపాయల సీసాతో కొత్త చిక్కు చిల్లర. రూపాయి తిరిగి ఇవ్వకపోతే అది ఎమ్మార్పీకి మించి అమ్మినట్టే లెక్క. రోజుకు రెండొందల క్వార్టర్లు నోట్ల మీద పోతే రెండొందల రూపాయి బిళ్ళలు కావాలి. వారానికి ఒకసారి బ్యాంకు నుంచి సంచి తెచ్చుకోండి, లేదా కోవెల హుండీ చిల్లర మార్చేవాళ్ళతో మాట్లాడుకోండి. రూపాయికి బదులు చాక్లెట్ ఇవ్వడం మొదలైతే గొడవ అక్కడే పుడుతుంది. ఫోన్‌పేలో 99 కొట్టేవాళ్ళకు వేరే వరస పెడితే సగం తలనొప్పి పోతుంది.

ఇరవై ఒక్క ఏళ్ళు నిండనివాళ్ళకు అమ్మొద్దు. అనుమానం వస్తే ఆధార్ అడగాలి. "నాన్న తెమ్మన్నాడు" అంటే నాన్ననే రమ్మనాలి. మనిషికి ఎన్ని సీసాలన్న పరిమితి లైసెన్సు షరతుల్లో చూసి పెద్ద అక్షరాలతో గోడకు రాయించండి. కౌంటర్‌లో కుర్రాడు ఊరి పెద్దమనిషికి లేదని చెప్పలేడు, గోడ చెప్పగలదు. బెల్టు షాపులకు కేసులకు కేసులు తోలడం తేలికైన అమ్మకంలా కనిపిస్తుంది. పట్టుబడిన సీసా మీది కోడ్ ఏ షాపుకు వచ్చిందో చెప్పేస్తుంది, లైసెన్సు మీదికే వస్తుంది.

కౌంటర్‌లో నిలబడే ప్రతి మనిషికీ నౌకరినామా, అంటే అక్కడ పనిచేయడానికి ఎక్సైజ్ వాళ్ళిచ్చే అనుమతి పత్రం, ఉండాలి. పండగ రద్దీకి రెండు రోజులకని బామ్మర్దిని నిలబెట్టేవాళ్ళు తనిఖీలో దొరికేది ఇక్కడే. పర్మిట్ రూమ్, అంటే షాపు దగ్గరే కూర్చుని తాగే గది, వేరే ఫీజు కట్టి తీసుకునే అనుమతి. అది లేకుండా షాపు పక్కన రేకుల కింద నాలుగు బల్లలు వేయిస్తే ఫిర్యాదు ముందు ఆ వీధి ఆడవాళ్ళ నుంచే వస్తుంది, వాళ్ళు చేసేది న్యాయమే.

రాత్రి షట్టర్ దించాక లెక్క ఒక్కటే. పొద్దున ఉన్న సీసాలు, వచ్చిన సీసాలు కలిపి మిగిలినవి తీసేస్తే అమ్మినవి. వాటి ఎమ్మార్పీ మొత్తం, నోట్లు ప్లస్ ఫోన్‌పే మొత్తంతో సరిపోవాలి. తేడా ఆ రాత్రే వెతకాలి. మర్నాడు పదిన్నరకు అది ఎవరికీ గుర్తుండదు.

ఎండాకాలం, బీరు

సీమలో వైన్ షాపు సంవత్సరానికి అసలు పరీక్ష మార్చి నుంచి జూన్ మధ్య దాకా. కర్నూలు, నంద్యాల, అనంతపురం 42 డిగ్రీలు దాటిన రోజుల్లో వచ్చేవాడు బ్రాండు కంటే ముందు "కూలింగ్ ఉందా" అని అడుగుతాడు. లేదంటే పక్క షాపుకు పోతాడు, పోతూ క్వార్టర్ కూడా అక్కడే కొంటాడు. బీరు మీద మిగిలేది తక్కువనిపించినా మనిషిని షాపు దాకా తెచ్చేది అదే.

డిపోలో బీరు కొరత సాధారణంగా ఏప్రిల్‌లో మొదలవుతుంది. రాష్ట్రమంతా ఒకేసారి అడుగుతుంది కాబట్టి మీ ఇండెంట్‌లో సగం కోసి ఇస్తారు. ఫిబ్రవరి చివరి వారం నుంచే లోడుకు పదేసి కేసులు అదనంగా ఎత్తండి. కానీ మూడు నాలుగు వారాల అమ్మకానికి మించి పోగెయ్యొద్దు. బీరుకు ఆరు నెలల గడువంటారు గానీ ఆ లెక్క చల్లని గోడౌన్‌ది. రేకుల కప్పు కింద మే నెలలో నెల రోజులుంటే గడువు లోపలే రుచి తడి అట్టలా మారుతుంది. సీసా మీద తయారీ తేదీ చూసి పాత కేసు ముందు, కొత్త కేసు వెనక పెట్టించండి. కొత్త లోడు దించినవాడు దగ్గరగా ఉందని కొత్త కేసే విప్పుతాడు. అందుకే కేసు మీద దిగిన తేదీని మార్కర్‌తో చెయ్యంత అక్షరాలతో రాయించాలి.

రేకుల గోడౌన్ అయితే పైన తెల్ల కూలింగ్ పెయింట్ రెండు పూతలు, గోడ పైభాగాన ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించండి. పడమటి గోడకు బీరు ఆనించొద్దు. కిటికీలోంచి ఎండ పడే చోట అసలే పెట్టొద్దు, వెలుతురు తగిలితే పచ్చ సీసాల బీరు తొందరగా వాసన వేస్తుంది.

ఇక కూలర్. పెద్ద బీరు సీసా అడుగు సుమారు ఏడున్నర సెంటీమీటర్లు, ఎత్తు 29 దాకా. అరల మధ్య 30 సెంటీమీటర్లు ఉంటేనే నిలబెట్టగలరు. అర వెడల్పు, లోతు కొలిచి విడివిడిగా ఏడున్నరతో భాగించి, ఆ రెండూ గుణిస్తే ఒక్కో అరలో నిజంగా ఎన్ని పడతాయో తెలుస్తుంది, డీలర్ చెప్పే లీటర్ల లెక్కతో పనిలేదు. 40 డిగ్రీల వేడిలో లారీ దిగిన సీసా మామూలు విజీ కూలర్‌లో (అద్దం తలుపుది) బాగా చల్లబడడానికి ఆరేడు గంటలు పడుతుంది. సాయంత్రం నాలుగుకు కూలర్ ఖాళీ అయ్యాక నింపితే ఆ రాత్రికి ఉపయోగం లేదు. నింపే వేళ రాత్రి మూసేటప్పుడే. పగలు తీసిన ప్రతి డజనుకు వెంటనే డజను కింది అర వెనక పెట్టాలి, పై అరలు ముందు అమ్మాలి. వేడి సీసాలు ఒకేసారి గుప్పిస్తే పక్కన చల్లగా ఉన్నవి కూడా వేడెక్కుతాయి.

లోపల మూడు నాలుగు డిగ్రీలు చాలు. చిన్న థర్మామీటరు మధ్య అరలో వేలాడదీయండి. తొందరకని డీప్ ఫ్రీజర్‌లో పెడితే మామూలు బీరు సున్నాకు రెండు మూడు డిగ్రీల కింద గడ్డకడుతుంది, గడ్డ ఉబ్బి సీసా పగులుతుంది. పెట్టి మరిచిపోయిన పన్నెండు సీసాలు ఒక కేసు లాభం కాదు, ఏడు కేసుల లాభం. ఫ్రీజర్ వాడక తప్పకపోతే గంటకు ఫోనులో అలారం పెట్టండి.

కూలర్ వెనక గోడకు అరడుగు ఖాళీ వదలాలి. వెనక జాలీలో దుమ్ము, సాలెగూళ్ళు వారానికోసారి పొడి బ్రష్‌తో దులపాలి. మే నెలలో కంప్రెసర్ ఆగకుండా తిరుగుతున్నా చల్లదనం రావట్లేదంటే పదిలో ఏడుసార్లు ఈ దుమ్మే, గ్యాసు కాదు. సాయంత్రం వోల్టేజీ పడిపోయే వీధుల్లో స్టెబిలైజరు లేకుండా కూలర్ నడపొద్దు. కరెంటు పోతే తలుపు తెరవకుండా ఉంచితే రెండు గంటలు గట్టెక్కుతుంది, కొనేవాళ్ళకు ఒకరే తీసి ఇవ్వాలి.

పంచాంగం, పంటలు

ఇంగ్లీషు క్యాలెండర్ ఒక్కటే పెట్టుకుంటే సీమలో వ్యాపారం నడవదు. పక్కన పంచాంగం, ఉర్దూ క్యాలెండర్ కూడా ఉండాలి. ఉగాది నాడు సాయంత్రం దాకా స్తబ్దుగానే ఉంటుంది, మాంసం వండే మర్నాటికి సరుకు కావాలి. సంక్రాంతిలోనూ అంతే, కనుమకే ఊపు. రంజాన్ నెలలో కర్నూలు పాతబస్తీ, కడప వైపు షాపుల్లో అమ్మకం తగ్గుతుంది, ఇండెంట్ కూడా తగ్గించాలి. మొహర్రంలో పీర్ల పండగకు పల్లెలకు పల్లెలే కదులుతాయి. గూగూడు కుళ్ళాయప్ప దగ్గరికి పోయే దారుల్లోని షాపులకు ఆ వారం తెలుసు. శ్రావణంలో కొంత, కార్తీకంలో బాగా తగ్గుతుంది, సోమవారాలు మరీ. ఆ పైన అయ్యప్ప మాలలు. ఈ నెలల్లో ఖరీదైన ఫుల్లు దింపి కూర్చోవడం వడ్డీ కట్టడమే. పరుసలు, ఉరుసులు మీ చుట్టుపక్కల ఏ తేదీల్లో వస్తాయో ఒక కాగితం మీద ఏడాది ముందే రాసుకోండి.

పండగలకన్నా పెద్దది పంట డబ్బు. జూన్, జూలైలో విత్తనాలకు, ఎరువులకు పోయాక పల్లె చేతిలో డబ్బు ఉండదు. అప్పుడు చవక క్వార్టరే నడుస్తుంది, హాఫ్ అడిగేవాడు కూడా క్వార్టర్‌కు దిగుతాడు. అనంతపురం వైపు వేరుశనగ కాయ ఒబ్బిడి అయ్యాక, ఆదోని మార్కెట్‌కు పత్తి రావడం మొదలయ్యాక అదే మనిషి ఒక మెట్టు పైకి వెళ్తాడు. కాయ ధర పడిపోయిన ఏడాది వెళ్ళడు. మార్కెట్ యార్డు ధర రోజూ చూసుకునే షాపు యజమాని తప్పు ఇండెంట్ పెట్టడు. పట్నం షాపుకు దీని బదులు ఒకటో తారీఖు నుంచి ఏడు దాకా జీతాల వారం.

మూత రోజులు

జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2 మూత. పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటలు, కౌంటింగ్ రోజూ మూతే. ఇవి కాక వినాయక నిమజ్జనం నాడు స్థానికంగా ఆదేశాలు వస్తాయి. కర్నూలులో కేసీ కాలువ దగ్గర నిమజ్జనం రోజు పట్నం షాపులు దీనికి సిద్ధంగా ఉండాలి. దసరా రాత్రి కర్రల సమరం జరిగే దేవరగట్టు బన్ని ఉత్సవం చుట్టుపక్కల మండలాల్లో కూడా పోలీసులు గట్టిగా ఉంటారు.

2025లో విజయదశమి సరిగ్గా అక్టోబరు 2న పడింది. దసరా అమ్మకమంతా ముందు రోజుకు జరిగింది. అలాంటి ఏడాది రెండో తేదీకని పెట్టిన లోడు మూడున దిగితే పండగ వెళ్ళిపోయి ఉంటుంది. మూత రోజు ముందు సాయంత్రానికి మామూలు కన్నా రెట్టింపు సరుకు, రెండో కౌంటర్, అదనపు చిల్లర ఉండాలి. ఆ సాయంత్రం పది కేసులు అడిగేవాడు తాగడానికి కొనట్లేదు, రేపు అమ్మడానికి కొంటున్నాడు. వెనక తలుపు అమ్మకం జోలికి పోవద్దు. మూసిన షట్టర్ ముందు గుమిగూడిన మనుషులే సాక్ష్యం.

డిసెంబరు 31కి బీరు, ఫుల్లు, హాఫ్‌లు ముందు. క్వార్టర్ అంత పెరగదు. 27, 28 తేదీలకే లోడు దిగిపోవాలి, 30న డిపో దగ్గర లారీల వరస మామూలుగా ఉండదు. వేళ పెంచుతున్నారని వాట్సాప్‌లో తిరిగే మాట నమ్మి పది దాటి అమ్మొద్దు, ఆదేశం కాపీ చేతికి రావాలి. క్యాష్‌ను ఎనిమిదికి ఒకసారి, మూసే ముందు ఒకసారి కౌంటర్ నుంచి తీసేయాలి. తాగి బండి ఎక్కబోయేవాడికి ఆటో పిలిచి పంపడం కూడా ఆ రాత్రి పనిలో భాగమే. రెండు మూడు ఆటో నంబర్లు గోడ మీద రాసి పెట్టండి. జనవరి మొదటి పది రోజులు అమ్మకం కిందికి వస్తుంది, మిగిలిన ఫుల్లు కనుమ దాకా కదలవు. అందుకే 31 లోడులో ఫుల్లు గత ఏడాది అమ్మకానికి సమానంగానే పెట్టాలి, ఆశతో పెంచొద్దు.

సెప్టెంబరు

2024 అక్టోబరులో ఇచ్చిన లైసెన్సుల గడువు 2026 సెప్టెంబరు 30. జూలై నుంచే కదలని బ్రాండ్ల పట్టీ తీయండి. అరవై రోజుల్లో కేసులో సగం కూడా పోని ప్రతి పేరునూ ఇండెంట్ నుంచి కొట్టేయాలి. ఆగస్టులో లోడులు చిన్నవి చేసి, రెండు రోజులకోసారి తెచ్చుకోండి. ఆటో ఖర్చు పెరుగుతుంది గానీ సరుకు కరుగుతుంది. సెప్టెంబరు మూడో వారానికి బాగా పోయే పదిహేను పేర్లు తప్ప అల్మారాలు ఖాళీగా కనిపించాలి. నెలాఖరున మిగిలిన సీసాలను ఎక్సైజ్ సిబ్బంది ఎదుట సైజుల వారీగా లెక్కపెట్టించి, పంచనామా కాపీ మీద సంతకం తీసుకుని, స్టాకు రిజిస్టరు, ఇన్వాయిస్‌లు, నౌకరినామాలతో కలిపి ఒకే ఫైలులో పెట్టుకోండి. డిపాజిట్ వెనక్కి రావాల్సి ఉంటే మొదట అడిగేది ఆ ఫైలే.